పోషకాహార పట్టానికి దారి ఎటు? నాంపల్లి చుట్టూ ఒక చదువు చరిత్ర



ఆదివారం ఉదయం అబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారని హైదరాబాదు వాసులకు వేరే చెప్పనక్కరలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు తీరిక దొరికితే వెళ్లేవాణ్ణి. విరమణ తరువాత తీరికే తీరిక కనుక తప్పకుండా వెళ్తున్నాను. ఆ మధ్య అక్కడ, పోటీపరీక్షల గైడ్ల నడుమ, అట్ట చినిగిన పుస్తకమొకటి కంటబడింది. భారతీయ ఆహారపదార్థాల పోషక విలువలను తెలిపే గ్రంథమది. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1971లో కూర్చినది. జొన్నలో మాంసకృత్తులెన్ని, మునగాకులో ఇనుమెంత, వేరుశనగలో కొవ్వెంత అని చెప్పే పట్టికలు. మా తరం వైద్యులకు అది పంచాంగం వంటిది. మొదటి పుటలో ఎవరో విద్యార్థిని తన పేరు రాసుకుంది. సిరా వెలిసిపోయి పేరు చదవ వీలు కాలేదు గాని, దాని కింద ‘హోమ్ సైన్స్’ అన్న మాట మాత్రం మిగిలింది.

పుస్తకం కొని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ అమ్మాయి ఈ చదువులోకి ఏ దారిన వచ్చి ఉంటుందన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ దారి తెలియకపోవడం వల్ల వెనుదిరిగిన మరొక మనిషిని నేనెరుగుదును. ఆమె సంగతి తరువాత చెబుతాను. ముందుగా ఆ దారి చరిత్రను మీ ముందుంచుతాను.

రెండు ఆరంభాలు, ఒకే సంవత్సరం

1918 మనకు రెండు విధాల ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు హైదరాబాదు రాజ్యంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడు నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక గదిలో, సర్ రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన మొదలుపెట్టాడు. బెరిబెరి అంటే, పాలిష్ పట్టిన బియ్యమే ఆహారమైనవారికి బి1 విటమిన్ లోపించి కాళ్లు పట్టుతప్పడం, గుండె బలహీనపడడం. మెకారిసన్ దేశంలోని వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్నవి ఏపుగా ఎదిగాయి. తెల్లబియ్యం మీదే ఆధారపడ్డవి చిక్కిపోయాయి. మన పళ్లెంలోని అన్నం గురించి విజ్ఞానశాస్త్రం వేసిన తొలి ప్రశ్నల్లో అదొకటి.

ఆ ఒక్క గది క్రమంగా పోషకాహార పరిశోధనశాలలుగా పెరిగి, 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనున్న తార్నాకకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు వచ్చింది. అలా 1918లో వేర్వేరు చోట్ల పుట్టిన రెండు సంస్థలు నలభై ఏళ్లకు ఇరుగుపొరుగయ్యాయి.

వచ్చిన కొద్దికాలానికే ఆ సంస్థ మన నేల వ్యాధులను పట్టుకుంది. జొన్నలే ప్రధానాహారమైన దక్కను పేదల్లో కనిపించే పెల్లగ్రా వ్యాధికి, ఆ జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి సంబంధముందని గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. వేయించిన గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లం కలిపి చేసే ‘హైదరాబాద్ మిక్స్’ ఈ సంస్థ నుంచే వచ్చింది. చిక్కిపోయిన పిల్లలను నిలబెట్టడానికి ఖరీదైన డబ్బాపొడి అక్కరలేదని, మన వంటింటి దినుసులు చాలునని అది నిరూపించింది.

పరిశోధన ఇంత ఎత్తున సాగుతుంటే, దాన్ని రోగి మంచం దాకా, తల్లి ఒడి దాకా చేర్చే మనుషులను ఎవరు తయారుచేయాలి? ఆ బాధ్యత కళాశాలలది. కళాశాలకు వెళ్లే తోవ మాత్రం తార్నాక మీదుగా కాక నాంపల్లి మీదుగా సాగింది.

గృహవిజ్ఞానం పేరుతో

అబిడ్స్, నాంపల్లి, కోఠీ ప్రాంతాలు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ అనే ఆర్మేనియన్ పెట్టిన దుకాణం వల్ల అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్ ఇక్కడే ఉంది. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. నుమాయిష్ జరిగే నాంపల్లి మైదానంలో ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఉన్నాయి. కొంచెం తూర్పుకు నడిస్తే కోఠీ మహిళా కళాశాల. 1924లో ఇంటర్మీడియట్ స్థాయిలో మొదలై, 1949లో బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి మారిన ఈ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. నేడది చాకలి ఐలమ్మ పేరున నడుస్తోంది. నాంపల్లికి మరోపక్క సైఫాబాదులో వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఒకప్పటి హోమ్ సైన్స్ కళాశాల, నేటి కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉంది.

మన దేశంలో పోషకాహారం చాలాకాలం స్వతంత్రమైన పట్టంగా లేదు. అది హోమ్ సైన్స్‌లో ఒక భాగం. 1932లో ఢిల్లీలో ప్రారంభమైన లేడీ ఇర్విన్ కళాశాల నుంచీ ఇదే పద్ధతి. కుట్టుపని, శిశుపోషణ, గృహనిర్వహణ, వాటి పక్కన ఆహారం. ఈ ఏర్పాటు ఒక మేలు, ఒక కీడు చేసింది. ఆడపిల్లను పై చదువుకు పంపడానికి జంకే తండ్రి ‘ఇంటిపని చదువే కదా’ అని ఒప్పుకోవడం మేలు. ఆ చదువులో జీవరసాయనం, శరీరధర్మశాస్త్రం ఉన్నాయని ఆసుపత్రులు గుర్తించకపోవడం కీడు. నా సర్వీసులో ఎంతమంది అధికారులు డైటీషియన్ అంటే ‘వంటల పర్యవేక్షకురాలు’ అనుకున్నారో లెక్కలేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో హోమ్ సైన్స్ డిగ్రీకి కమ్యూనిటీ సైన్స్ అని పేరు మారింది ఇటీవలి సంవత్సరాల్లోనే.

పదహారేళ్ల వయసులో మూసుకునే తలుపు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నా తరం వారు పీయూసీ చదివారు. ఒక్క ఏడాది పీయూసీ, ఆపైన మూడేళ్ల డిగ్రీ. 1969–70లో ఆంధ్రప్రదేశ్ రెండేళ్ల ఇంటర్మీడియట్‌ను ప్రవేశపెట్టింది. దాని కోసం ఏర్పడిన ఇంటర్మీడియట్ బోర్డు కార్యాలయం నాంపల్లిలోని విద్యాభవన్. మార్కుల జాబితా కోసమో, పేరులో తప్పు దిద్దించుకోవడానికో, మీలో చాలామంది ఆ మెట్లెక్కే ఉంటారు.

ఇంటర్మీడియట్‌తో పాటు గ్రూపులు వచ్చాయి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ. పదో తరగతి పాసైన పిల్ల జూన్ నెలలో ఒక దరఖాస్తు మీద రాసే మూడక్షరాలు ఆమె మిగతా జీవితాన్ని నిర్ణయిస్తాయి. న్యూట్రిషన్ ఒక విషయంగా ఉండే బీఎస్సీకి రాచబాట బైపీసీ. సీఈసీ తీసుకున్న అమ్మాయికి ఇరవై ఏళ్ల వయసులో ఆహారశాస్త్రం మీద ఆసక్తి పుడితే, మళ్లీ మొదటి నుంచి రావలసిందే.

ఇక వృత్తివిద్య. 1986 జాతీయ విద్యావిధానం ఇంటర్ స్థాయిలో వృత్తివిద్యకు పెద్దపీట వేసింది. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, బహుళార్థ ఆరోగ్య కార్యకర్త వంటి కోర్సుల్లో, త్వరగా ఉద్యోగం కావలసిన పేదింటి పిల్లలు చేరారు. వారు తరువాత బీఎస్సీకి రావాలంటే సైన్సు విషయాల్లో ‘బ్రిడ్జి కోర్సు’ పరీక్షలు అదనంగా రాయాలి. ఆ పరీక్షలు పాసైతే బైపీసీ వారితో సమానం. రాయకపోతే ఏటి ఆవలే నిలిచిపోవాలి. ఏర్పాటు మంచిదే. కాని వంతెన ఉందని చెప్పేవాడు లేకపోతే, ఉన్నా లేనట్టే.

ఒక మనిషి అడిగిన ప్రశ్న

1990ల తొలి సంవత్సరాల్లో నేనొక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. అక్కడ డైటీషియన్ లేరు. పాలు, రొట్టె, గుడ్డు, అన్నం వార్డులకు పంచే విభాగంలో ఒకామె చిన్న ఉద్యోగం చేసేది. వయసు ముప్పైకి లోపే. ఇంటర్‌లో వృత్తివిద్యా కోర్సు చదివింది.

ఒకనాడు మూత్రపిండాలు చెడిన రోగికి బంధువులు కొబ్బరిబొండాం తెచ్చారు. నీరసంగా ఉన్నాడు, కొబ్బరినీళ్లు పడితే లేస్తాడని వారి నమ్మకం. ఈమె అడ్డుపడింది. ‘సారును అడిగి తాగించండి. వీరికి పొటాషియం పడదు’ అన్నది. నేను రౌండ్లకు వచ్చేసరికి అక్కడ చిన్న గొడవ జరుగుతోంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మూత్రపిండాలు పనిచేయనప్పుడు పొటాషియం బయటికి పోదు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. ‘ఇది నీకెవరు చెప్పారమ్మా?’ అని అడిగాను. ‘మీరే సార్, పోయిన నెల ఇంకో పేషెంటుకు చెప్తుంటే విన్నాను’ అన్నది. విన్నదంతా ఒక నోటుపుస్తకంలో రాసుకునేదట.

ఆ వారంలోనే ఆమె నా గదికి వచ్చి అడిగింది: ‘సార్, నేను డైటీషియన్ చదవొచ్చా?’

‘ఎందుకు చదవకూడదు? తప్పకుండా చదువు’ అన్నాను. అడిగినవారిని ప్రోత్సహించడం తప్ప అప్పట్లో నాకు మరేమీ తెలియదు. ఏ పట్టం, ఏ అర్హత, ఎవరిని కలవాలి అన్నది ఒక్కటీ తెలియదు. ఎంబీబీఎస్‌లో మాకు పోషకాహారం కొన్ని పాఠాలతో సరిపెట్టారు. ఆ చదువులోకి దారి ఏమిటో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆమె నా మాట నమ్మి దరఖాస్తు చేసింది. బ్రిడ్జి కోర్సు లేదని తిప్పి పంపారు. అలాంటిదొకటి ఉందని ఆమె చదివిన కళాశాలలో ఎవరూ చెప్పలేదట. ఆ సంగతి మొదటిసారి తెలిసింది నాంపల్లి వచ్చి విచారించినప్పుడే. అప్పటికి ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, మంచాన ఉన్న అత్తగారు. భౌతికశాస్త్రం పుస్తకం మళ్లీ తెరిచే ఓపిక ఎక్కడిది? మరునాడు యథాప్రకారం పాలగిన్నె పట్టుకుని వార్డుకు వచ్చింది. నాతో ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇతరులకు ఉన్న నిచ్చెన

ఇతర విద్యలను చూడండి. నర్సింగులో ఏఎన్ఎం ఉంది, ఆపైన జీఎన్ఎం ఉంది, జీఎన్ఎం చేసినవారికి పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. ఇంజినీరింగులో, ఫార్మసీలో డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా డిగ్రీ రెండో ఏడాదిలో చేరతారు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చదివినవారికి అగ్రిసెట్ ఉంది. అంటే యంత్రం, మందు, పైరు, రోగి సేవ, ఈ నాలుగింటికీ కింది మెట్టు నుంచి పై మెట్టుకు దారి వేశారు. అన్నానికి మాత్రం వేయలేదు. పోషకాహార డిగ్రీకి అలాంటి ప్రత్యేక ప్రవేశపరీక్ష లేదు.

అమెరికాలో 1901లో ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో మొదలైన రెండేళ్ల ప్రజా కళాశాలల పద్ధతిలో, విద్యార్థి తక్కువ ఖర్చుతో రెండేళ్లు చదివి, విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి మారవచ్చు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు అనేకులు ఈ దారిన వెళ్తున్నారు. పోషకాహారానికి అక్కడా ఒక మెలిక ఉంది. ఆ రెండేళ్లలో రసాయనం, శరీరధర్మశాస్త్రం సరైన స్థాయిలో చదవకపోతే మారిన తరువాత మళ్లీ చదవాలి. 2024 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు అక్కడ స్నాతకోత్తర పట్టం తప్పనిసరి. నిబంధనలు ఎక్కడైనా కఠినమే. కాని ఏ కళాశాలలో చదివిన ఏ పాఠం ఏ విశ్వవిద్యాలయంలో చెల్లుతుందో ముందే రాసిపెట్టిన ఒప్పందాలు అక్కడ ఉన్నాయి. మనకు కావలసింది అదీ.

తెరుచుకున్న తలుపులు, మళ్లీ మూసుకున్నవి

మనవాళ్లు ప్రయత్నించలేదని కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. బడి మానేసినవారు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్న ఆలోచన ఆనాటికి విప్లవమే. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆహారం, పోషణపై ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు నడిపింది. అంగన్‌వాడీ టీచర్లు, గృహిణులు, ఆరోగ్య కార్యకర్తలు దానివల్ల లాభపడ్డారు.

2020 జాతీయ విద్యావిధానం, 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మరొక ఆశ కల్పించాయి. ఒక కళాశాలలో సంపాదించిన క్రెడిట్లను ఖాతాలో దాచుకుని, ఏడేళ్లలోపు మరోచోట వాడుకోవచ్చు. బ్యాంకు పొదుపు వంటిదే. అదే 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసి, డైటీషియన్లను, న్యూట్రిషనిస్టులను అందులో చేర్చింది. ఆరోగ్యరంగ వృత్తినిపుణులనిపించుకోవడానికి కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలని ఆ చట్టం అంటుంది. ఎవరు పడితే వారు పేరు ముందు ‘డైటీషియన్’ అని తగిలించుకునే ఈ రోజుల్లో ఇది చాలా అవసరమైన చట్టం.

ఆ తరువాత 2025లో, ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యగా గాని ఆన్‌లైన్‌లో గాని నడపరాదని యూజీసీ నిర్ణయించింది. ఆహార పోషణ విజ్ఞానం, క్లినికల్ న్యూట్రిషన్, డయెటెటిక్స్ ఆ జాబితాలో ఉన్నాయి. వైద్యుడిగా నేను ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. ముక్కులోంచి గొట్టం వేసిన రోగికి ఎన్ని మిల్లీలీటర్ల ఆహారం ఇవ్వాలో పోస్టులో వచ్చిన పాఠం చదివి నేర్చుకోలేరు. వార్డులో నిలబడాలి. కాని ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి ఉన్న ఆ ఒక్క తలుపూ మూసినప్పుడు, పక్కన మరో మెట్ల దారి కట్టాలి కదా? వార్డులో నిలబడే అనుభవమే ముఖ్యమైతే, పదేళ్లుగా వార్డులో నిలబడ్డ మనిషికి ఆ అనుభవం ఒక్క క్రెడిట్‌గానైనా లెక్కకు రావద్దా?

ఇదంతా కొందరి ఉద్యోగాల గొడవ అనుకోకండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి. దేశంలో మధుమేహ రోగులు పది కోట్లు దాటారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఈ రెండు వ్యాధులకూ మందుతో సమానంగా కావలసింది పళ్లెం గురించి మంచి మాట. మన భాషలో, మన వంటింటి లెక్కలో చెప్పగల మనిషి. అలాంటివారు అంగన్‌వాడీల్లో, ఆసుపత్రి వంటశాలల్లో ఇప్పటికే ఉన్నారు. వారికి పట్టం లేదు. పట్టం ఉన్నవారిలో చాలామంది నగరం దాటి రారు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ చదువు కోరుకుంటే

నేను విచారించి తెలుసుకున్నవి క్లుప్తంగా చెబుతాను.

ఒకటి. పదో తరగతి అయిన అమ్మాయికి గాని అబ్బాయికి గాని ఆహారశాస్త్రం మీద ఇష్టముంటే బైపీసీ తీసుకోమనండి. ఇది ఆడవారి చదువన్న పాత మాట మరచిపోండి.

రెండు. వృత్తివిద్యా కోర్సులో చేరితే, మొదటి ఏడాదిలోనే ప్రిన్సిపాల్‌ను బ్రిడ్జి కోర్సు గురించి అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు.

మూడు. డిగ్రీలో చేరే ముందు, ఆ కళాశాలలో న్యూట్రిషన్‌కు ప్రయోగశాల ఉందో లేదో, ఆసుపత్రి శిక్షణ ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడండి. కళాశాల మారవలసివస్తే, పూర్తిచేసిన పాఠ్యాంశాల వివరాలు, క్రెడిట్ల పత్రాలు భద్రపరచండి. అవి లేకుండా కొత్తచోట వాదన నిలవదు.

నాలుగు. మూడేళ్ల డిగ్రీతో ఆసుపత్రి డైటీషియన్ కావడం కష్టం. స్నాతకోత్తర చదువు, ఆసుపత్రి ఇంటర్న్‌షిప్, ఇండియన్ డయెటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష వరకు లెక్కవేసుకోండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రవేశపరీక్ష ద్వారా ఎమ్మెస్సీ అనువర్తిత పోషకాహారంలో సీట్లిస్తుంది.

ఐదు. మీకు ఆహార సలహా ఇచ్చేవారు ఏం చదివారో మర్యాదగానే అడగండి. అది మీ హక్కు.

ఇక పాలకులకు, విశ్వవిద్యాలయ పెద్దలకు ఒక్క మనవి. అన్నం పంచే చేతులకు ఒక నిచ్చెన వేయండి. అంగన్‌వాడీ టీచరు, ఆసుపత్రి ఆహార విభాగపు ఉద్యోగి రెండేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ తరహాలో ఒక పరీక్ష రాసి, న్యూట్రిషన్ డిగ్రీ రెండో ఏడాదిలో చేరే వీలు కల్పించండి. సెలవుల్లో సైన్సు పాఠాలు, పనిచేసే చోటే శిక్షణ. నర్సింగులో దశాబ్దాలుగా సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు?

ఆ పాత పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కొబ్బరినీళ్ల గొడవ గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని తెరుస్తాను. ‘నేను డైటీషియన్ చదవొచ్చా?’ అని ఆమె అడిగిన రోజున నేను ఇవ్వవలసిన జవాబు పైన రాసిన ఈ నాలుగైదు మాటలే. ముప్పై ఏళ్లు ఆలస్యంగా ఇస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా అదే ప్రశ్న అడిగితే, దయచేసి మీరు ఆలస్యం చేయకండి.